నవలలో కాఫీ ఎవరు కలిపారు

మా అత్తయ్య తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ ఒక్క అక్షరం చదవలేదు. రాయపురంలో పుట్టి, తమిళ బడిలో చదువుకుని, పక్క వీధిలోకే కోడలిగా వచ్చింది. ఆమె కొడుకూ అంతే. పెళ్లిచూపులప్పుడు నా చేతిలో తెలుగు నవల చూసి, అట్ట మీద బొమ్మ చాలా బాగుందన్నాడు. గుంటూరు జిల్లాలో నవలలు తప్ప మరో లోకం తెలియకుండా పెరిగిన నేను ఆ మాటకి మురిసిపోయి పెళ్లి చేసుకున్నాను. అతను నిజంగా బొమ్మే చూశాడని తర్వాత తెలిసింది.

అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయ్యాక మధ్యాహ్నాలు గడవడం కష్టమైంది. టీవీ సీరియళ్లు ఆమెకి పడవు, అందులో ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని పడుకుంటారని. నేనేమో నా నవల తెచ్చుకుని మంచం పక్కన కూర్చునేదాన్ని. నీలో నువ్వు చదువుకుంటే నాకేం లాభం, పైకి చదవమని ఒకరోజు అడిగింది.

అది చాలా పేరున్న రచయిత నవల. వెనక అట్ట మీద ఆయన చెంపకి చెయ్యి ఆనించి ఎటో దూరంగా చూస్తూ ఉంటాడు. అత్తయ్య ఆ ఫొటో చూసి, పాపం పన్నునొప్పా అని అడిగింది. కాలేజీ రోజుల నుంచి ఆయన్ని దేవుడిలా చూసుకున్నదాన్ని నేను. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా నాకూ పన్నునొప్పే కనిపించింది.

నవలలో నాయకుడు సముద్రం ఒడ్డున కూర్చుని జీవితం అంటే ఏమిటని నాలుగు పేజీలు ఆలోచిస్తాడు. అత్తయ్యవాళ్లది తరాలుగా పప్పుల హోల్‌సేల్ వ్యాపారం.

‘‘వీడికి పనేం లేదా? అంగడి ఎవరు తెరుస్తా ఉండారు?’’ అంది.

వెతికాను. ఆ మనిషి ఏం చేసి బతుకుతున్నాడో రచయిత ఎక్కడా రాయలేదు. నేను ఇంతకాలం ఆరాధించిన నాయకులందరినీ ఒక్కొక్కరినే గుర్తు చేసుకున్నాను. ఒక్కడికీ సరైన ఉద్యోగం లేదు. బాధ మాత్రం ఫుల్ టైమ్.

ఇక నాయిక. కిటికీ దగ్గర ఏడుస్తుంది, మేడ మీద ఏడుస్తుంది, వాన పడితే అందులో తడుస్తూ ఏడుస్తుంది. అత్తయ్య ఆమెని ఖాతరు చేయలేదు. ఆమె మనసంతా నాయకుడి మేనత్త మీదే. నవలలో ఆ మేనత్తకి పేరు కూడా లేదు. తమ్ముడి ఇంట్లో ఉంటూ అందరికీ వండిపెడుతుంది, మోకాళ్లు నొప్పులని గొణుగుతుంది, నాయకుడు ఆలస్యంగా వస్తే అన్నంతోపాటు చీవాట్లూ పెడుతుంది. ఆమె కథలోకి రాగానే అత్తయ్య దిండు సర్దుకుని లేచి కూర్చునేది.

కుట్లు విప్పి డాక్టరు నడవమన్నాడు. బాత్‌రూమ్ దాకా తప్ప అత్తయ్య అడుగు వేయనంది. వాకర్‌ని మూలకి నెట్టించింది. నేను వండిన పులుసు మారు మాట్లాడకుండా తిని, ‘‘ఇంక ఆ వంటింట్లో నువ్వే ఉండుకో. నా పని అయిపాయె’’ అంది. నాకు భయమేసింది. నా పులుసుని తిట్టకుండా తిందంటే ఆ మనిషి నిజంగానే ఆశ వదిలేసుకుందన్నమాట.

ఆ మధ్యాహ్నమే చదువుతూ చదువుతూ ఆగిపోయాను. తర్వాతి పేరాలో మేనత్త చచ్చిపోతోంది. రెండే వాక్యాలు. మోకాళ్ల నొప్పులతో మంచం పట్టింది. చలికాలం వెళ్లకముందే కన్నుమూసింది. ఎన్నోసార్లు చదివిన పుస్తకం అది. ఆమె చనిపోతుందన్న సంగతే నాకు గుర్తు లేదు.

ఆ రెండు వాక్యాలూ నోట రాలేదు. మేనత్త కషాయం తాగి లేచి కూర్చుందని చదివాను.

ఒక మనిషిని బతికించడం తేలికే. ఆ తర్వాత ఆమెకి పని కల్పించడమే కష్టం. ఇంకా సగం నవల ఉంది. నాయకుడు కాఫీ తాగినప్పుడల్లా మేనత్త చేత కలిపించాను. పెళ్లిపందిట్లో ఆమె చేత వియ్యాలవారిని దులిపించాను. నాయిక కిటికీ దగ్గర చేరితే మేనత్త వచ్చి, ఎలాగూ ఏడుస్తున్నావుగా, ఈ ఉల్లిపాయలు కూడా తరిగిపెట్టు అంది. అత్తయ్య పకపకా నవ్వింది. తప్పు చేస్తున్నానని నాకు ఒక్కరోజూ అనిపించలేదు. పైగా ఆ పన్నునొప్పాయనకన్నా నేనే బాగా రాస్తున్నానని పొగరెక్కింది.

నవల అయిపోయిన రోజు పుస్తకం మూయబోతుంటే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

‘‘ఆయమ్మ సచ్చిన పేజీ తియ్యి.’’

ఏ పేజీ అని బుకాయించాను.

‘‘చదివేటప్పుడు పేజీ తిప్పుతావు. కషాయం తాగినప్పటి నుంచి ఆయమ్మ వస్తే మాత్రం ఫ్యాను చూస్తా చెప్తావు. నాకు మోకాలే బాలేదు, కండ్లు బాగానే ఉండాయి’’ అంది.

దాచి లాభం లేదు. వెనక్కి తిప్పి చదివాను. రెండు వాక్యాలకి ఎంతసేపు పడుతుంది? ఇంకా ఉందేమోనని అత్తయ్య నా మొహంలోకి చూసింది. అంతేనని చెప్పాను. పావం, అని తమిళంలో జాలిపడి, తర్వాత ఏమైందో చదవమంది. మర్నాడు ఉదయం నాయకుడు వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ శూన్యంలోకి చూశాడు.

‘‘ఆ కాఫీ ఎవురు కలిపినారు?’’

ముందు పేజీ చూశాను, వెనక పేజీ చూశాను. పొయ్యి వెలిగించిన మనిషి లేదు. కాఫీ మాత్రం పొగలు కక్కుతూ ఉంది. పుస్తకంలో లేదని చెప్పాను.

‘‘నువ్వు చెప్పిన కతలో ఆయమ్మే కలిపిచ్చింది గదా.’’

నాకు ఏడుపొచ్చేసింది. నాయకుడి నాలుగు పేజీల బాధకి కాలేజీలో దిండు తడిపినదాన్ని, మేనత్త కోసం ఇన్నేళ్లలో ఒక్క చుక్క కార్చలేదు. అత్తయ్యకి మాత్రం ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కడుపునిండా పెట్టిన మనిషి పోతే ఒక్క పూటైనా ఆ ఇంట్లో కాఫీ ఆగొద్దా అని రచయితని తిట్టింది. ఫొటో కిందికి వచ్చేలా పుస్తకాన్ని మంచం మీద బోర్లా పడేసింది.

‘‘ఆ వాకర్ ఇట్ల తే’’ అంది.

ఆగి ఆగి వంటింటిదాకా నడిచింది. నేను వెనకే వెళ్లాను. పాలు పొయ్యి మీద పెట్టి, గట్టుకి ఆనుకుని నిలబడి, డబ్బాలన్నీ మూతలు తీసి చూసింది. ఇక మొదలుపెట్టింది. ఫిల్టర్ జిడ్డు వదలలేదట. పెసరపప్పు డబ్బాలో కందిపప్పు పోశానట. పప్పులమ్మే ఇంటి కోడలికి ఆ మాత్రం తెలియదా అంది. నా పులుసు గురించి ఇన్నాళ్లూ దాచుకున్నదంతా కూడా చెప్పింది. నిలబడి అన్నీ విన్నాను. ఒక్క పేజీ కూడా తిప్పేయబుద్ధి కాలేదు.