అమ్మని మాట్లాడిస్తూ ఉండు

ఈ జనవరిలో అమెరికాలోని ఎడిసన్‌లో మంచు గట్టిగా కురిసిన రోజు, మా ఆస్పత్రి నర్సుల గదిలో ఎవరో తడిసిన ఉన్ని గ్లౌజులు హీటర్ మీద ఆరబెట్టారు. ఉన్ని వేడెక్కి గొర్రెవాసన గదంతా కమ్మింది. మిగతావాళ్లు ముక్కు మూసుకుని నవ్వుతుంటే నాకు పేమా వాళ్ల ఇల్లు గుర్తొచ్చింది. పేమా నా మొదటి బాస్. టిబెట్ వదిలి వచ్చిన శరణార్థుల బిడ్డ. హిమాచల్‌లో ధర్మశాలకు పైన ఉన్న ఒక కొండ ఊళ్లో పుట్టి, ఇక్కడికి వచ్చి హెడ్ నర్స్ అయింది.

నేను ఉద్యోగంలో చేరిన రోజు, మాది విజయవాడ అని చెప్పగానే ఆమె అందరి ముందూ తెలుగులో, "మంచి ఉన్ని అమ్మా, ఉతికినా పాడవదు," అంది. నేను నోరెళ్లబెట్టాను. వాళ్లమ్మ ఏటా చలికాలం మా ఊరి ఫుట్‌పాత్ మీద స్వెట్టర్లు అమ్మేదట. బడి సెలవుల్లో పేమా కూడా పక్కన కూర్చునేదట. "మీ ఊళ్లో అందరూ మమ్మల్ని నేపాల్ వాళ్లు అనేవాళ్లు," అంది నవ్వుతూ. మా ఇంట్లోనూ అలాగే అనేవాళ్లం.

పనిలో మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. ఒకసారి ఒక పేషెంట్‌కి ఆయాసం వస్తే నేను మానిటర్ వైపే చూస్తూ నిలబడ్డాను. పేమా నా భుజం పట్టి మంచం వైపు తిప్పింది. "ఆయన్ని చూడు. మెషిన్ లేటుగా చెబుతుంది." ఆ మాట అప్పుడు మందలింపులాగే వినిపించింది. దాని అర్థం వాళ్ల ఊళ్లో తెలిసింది.

ఆ ఏడు వానాకాలంలో నేను విజయవాడ వెళ్తుంటే, తనూ అమ్మ దగ్గరికి వెళ్తున్నానని, రమ్మని పిలిచింది. "మా అమ్మ తెలుగు మాట్లాడి చాలా ఏళ్లయింది. ప్లీజ్, ఒక్కసారి రా." వెళ్లాను. మేఘం కిటికీలోంచి ఇంట్లోకి వచ్చే ఊరు అది. ప్రార్థన జెండాలు వానకి తడిసి తాళ్లకు అతుక్కుపోయి ఉన్నాయి. పేమా అమ్మగారు నన్ను ఉన్ని బట్టలు ఆరుతున్న పొయ్యి పక్కన కూర్చోబెట్టి, నా చేతులు పట్టుకుని, "విజయవాడ! ఎండ! అమ్మో!" అని చాలాసేపు నవ్వింది.

రెండు రోజుల తర్వాత, వాన ఆగకుండా కురుస్తున్న ఉదయం, ఆవిడకి ఊపిరి అందలేదు. పాత గుండె జబ్బు. పెదవులు నీలంగా మారుతున్నాయి. అంబులెన్స్ బయల్దేరింది కానీ, ఊరి కింద కొండచరియ విరిగి రోడ్డు మీద పడటంతో అవతలి వైపే ఆగిపోయింది. పేమా తమ్ముడు తాషి అమ్మని బెత్తం కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీని తన వీపుకి కట్టుకున్నాడు. ఆవిడ ముఖం వెనక్కి ఉంది. అలాగే దిగి ఆ చోటికి చేరాం. రోడ్డు ఉండాల్సిన చోట బురద, బండలు. పైనుంచి ఇంకా రాళ్లు దొర్లుతున్నాయి.

"ఇప్పుడే వెళ్లిపోదాం అక్కా," అన్నాడు తాషి హిందీలో.

"రాళ్లు ఆగాలి."

"అమ్మ ఆగలేదు!"

పేమా కొండ వైపే చూస్తూ నిలబడింది. కుర్చీలో ఆవిడ ఒక్కో ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తోంది. పేమా తల తిప్పకుండానే నాతో తెలుగులో అంది.

"నేను ముందు నడుస్తాను. కొండని చూడాలి, అమ్మని చూడలేను. నువ్వు అమ్మ ఎదురుగా నడువు. మాట్లాడిస్తూ ఉండు. ఒక్కో మాట చాలు. గొంతు వింటే నాకు ఊపిరి ఎలా ఉందో తెలుస్తుంది."

దొర్లే చప్పుడు తగ్గింది. "రండి," అంది పేమా.

బురదలో మోకాళ్ల దాకా దిగబడుతూ, ఏం మాట్లాడాలో తోచక, "అమ్మా, ఈ స్వెట్టర్ ఎంత?" అన్నాను. ఆవిడ నా వైపు చూసింది. "మంచిది," అంది గాలిలో గాలిగా. "రంగు పోతుందా?" "పోదు." "మా నాన్నకి సరిపోతుందా?" తల ఊపింది. మాట రాలేదు. ముందు పేమా అడుగు ఆగింది. పైన ఎక్కడో ఒక రాయి కదిలిన చప్పుడు.

"సుధా! గొంతు!"

"అమ్మా, కాస్త తగ్గించండి," అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

ఆవిడ కళ్లు మూసుకుంది. చాలా నెమ్మదిగా పెదవులు కదిలాయి. "ఫిక్స్‌డ్... రేట్."

"నడువు తాషీ!" అని అరిచింది పేమా. మేము అవతలికి చేరి, ఆవిడ ముఖానికి ఆక్సిజన్ పెట్టాకే పేమా రోడ్డు మీద కూలబడింది. పళ్లు టకటకలాడుతున్నాయి. "చాలా భయమేసింది," అంది. అంతకు ముందు ఆ మాట ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు.

ఆవిడ బతికింది. పేమా ఉద్యోగం మానేసి అమ్మ దగ్గరే ఉండిపోయింది. తల్లి పోయాక కూడా తిరిగి రాలేదు. నిరుడు తాషి ఫోన్ చేసి, అక్క నిద్రలోనే వెళ్లిపోయిందని చెప్పాడు.

మొన్న మా వార్డులో, కొడుకు దగ్గరికి వచ్చిన తెనాలి పెద్దాయన ఒకరికి ఆయాసం ఎక్కువైంది. డాక్టరు వచ్చేలోగా ఆక్సిజన్ పెట్టి, ఆయన ఎదురుగా స్టూల్ మీద కూర్చుని, "బాబాయిగారూ, మీ తోటలో ఏ మామిడి?" అని అడిగాను. "బంగినపల్లి," అన్నాడు. "ఈసారి కాపు?" "పర్లేదు." కొత్తగా చేరిన తెలుగు నర్సు కంగారుగా నా చెవి దగ్గరికి వంగింది. "ఇప్పుడు మామిడికాయల గురించి ఎందుకు మేడమ్?"

"ష్," అన్నాను. "వింటున్నాను."