మత్తయి చెవి

కంచిలి ప్లంబర్ మత్తయి ఏ మోటారునీ చూసి నమ్మడు. స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ప్రార్థనలో ఉన్నట్టు కళ్ళు మూసుకుంటాడు. ఆ సమయంలో ఎవరు పలకరించినా కసురుతాడు. ఆ రోజు వరహాలమ్మ ఇంట్లో గీజర్‌కి వెళ్ళే పైపుకి షవర్ పంపు బిగించాడు. కిడ్నీల జబ్బుతో వంగి చెంబు ముంచే ఓపిక లేని ఆమెకి రెండేళ్ళుగా కోడలు తనూజే నీళ్ళు పోస్తోంది. స్విచ్ వేస్తే పంపు మూలిగింది గాని, షవర్ నుంచి చుక్క రాలలేదు.

"పాడైపోనాదేటి మావా?" అంది తనూజ బెంగగా.

"ఊరుకోమ్మా, నన్ను ఇననీ!" స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి కాసేపు విన్నాడు. "పాడవనేదు. లోపల గాలి ఇరుక్కుపోనాది."

స్విచ్ ఆపి, పంపు దగ్గర పైపు నట్టు వదులు చేశాడు. గాలి బుస్సుమంటూ పోయి, వెనకే నీళ్ళు చిమ్మాయి. నట్టు బిగించి స్విచ్ వేయగానే షవర్ జోరుగా కురిసింది. పసిపిల్లల పాలు చూసినట్టు మణికట్టు మీద వేడి చూసి, పక్కకి తప్పుకున్నాడు.

వరహాలమ్మ తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూములోకి నడిచింది. అలవాటుగా వెనకే వెళ్ళబోయిన కోడలిని ఆపింది.

"నువ్వెందుకే ఇంక? ఎల్లి నీ పని సూసుకో."

లోపల గడియ పడింది. ఆ చప్పుడు విన్నాకే మత్తయి స్క్రూడ్రైవర్‌ని సంచిలో వేసుకున్నాడు.