‘నేనే వస్తా’నన్న సుంకులమ్మ

చిరంజీవి సుంకులమ్మ ఇక లేదన్న వార్త పోయిన సోమవారం పొద్దున ఆత్మకూరు బస్సులో ఉండగా నాకు చేరింది. ఫోన్లో వాళ్ళ నాన్న మద్దిలేటి "సార్, పాప పాయ సార్" అన్నాడు. కండక్టరు రెండుసార్లు టికెట్టు అడిగినా నాకు వినపడలేదట. పన్నెండేళ్ళ పిల్ల. పై వాక్యంలో చిరంజీవి అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. ఆ చోట ఇంకో మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

సంస్మరణ వ్యాసాలు శిష్యులు గురువులకు రాయడం లోకసంప్రదాయం. నా దౌర్భాగ్యం కొద్దీ అది తిరగబడింది. దివంగతుల గుణగణాలను గంభీరమైన మాటల్లో కీర్తించడమూ రివాజే. ఆ పిల్ల వింటే "ఇంత పొడుగు మాటలేంది సార్, నోరు నొయ్యదా?" అని నవ్వేది. అయినా రాస్తున్నాను. ఆమె ధైర్యానికి చిన్న మాటలు చాలవు.

కోయిలకుంట్ల చుట్టుపక్కల పల్లె బడులకు తిరిగి, వైకల్యమున్న పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. సుంకులమ్మది కండరాలు ఏటికేడు క్షీణించే జబ్బు. ఏడేళ్ళ దాకా నడిచింది. తర్వాత గోడ పట్టుకుని నడిచింది. తొమ్మిదో ఏటి నుంచి చేతులు నేలకు ఆనించి జరగడమే. మద్దిలేటి ఆమెను చక్రాల కుర్చీలో బడి గేటు దాకా తెచ్చేవాడు. గేటు నుంచి తరగతి దాకా నాపరాళ్ళు పరిచిన దారిలో మాత్రం తనే జరుగుతూ వచ్చేది. ఎవరు ఎత్తుకోబోయినా ఒకటే మాట: "ఉండు, నేనే వస్తా." మొదటి గంట కొట్టగానే గేటు దగ్గర బయలుదేరితే రెండో గంట కొట్టేసరికి ప్రార్థన వరసలో ఉండేది.

బడిలో మధ్యాహ్న భోజనం వండే ఖాసింబీ రోజూ ఆ పిల్ల రాకముందే ఆ దారి ఊడ్చి, గులకరాళ్ళు ఏరి పారేసేది. ఒకనాడు సుంకులమ్మ తొందరగా వచ్చి పట్టేసుకుంది. "నాకోసమేనా ఊడుస్తాండేది?" అని తగువుకు దిగింది. "నీకోసమెందుకమ్మా? కోళ్ళు పెంట చేసిపోయినాయి" అంది ఖాసింబీ, చీపురు వెనక్కి దాచుకుంటూ. ఆ బడి చుట్టుపక్కల ఒక్క కోడి లేదు. ఆ సంగతి పిల్లకూ తెలుసు కానీ, ఆ పూటకు వదిలేసింది.

ఇక నా అపరాధం చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందట మండల కేంద్రంలో మా పిల్లలకు ఆటల పోటీలు పెట్టారు. నడవలేని పిల్లలకు పాకుడు పందెం. మిగతా పిల్లలంతా సున్నపు గీత దాటేశారు. సుంకులమ్మ ఒక్కతే మిగిలింది, ఇంకా మూడు బారల దూరంలో. వేదిక మీద ముఖ్య అతిథి గడియారం చూసుకున్నారు. మైకులో ఎవరో "సార్, త్వరగా కానీండి" అన్నారు. నేను మైదానంలోకి పరుగెత్తాను. ఆమె నన్ను చూసి, దుమ్ము కొట్టుకున్న మొహంతో "ఉండు సార్, నేనే వస్తా" అంది. నేను ఉండలేదు. అమాంతం ఎత్తుకుని గీత దాటించాను. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో మా ఫోటో పడింది. నేను దాన్ని కత్తిరించి దాచుకున్నాను కూడా.

పాల్గొన్న వాళ్ళందరికీ ఒక్కో స్టీలు టిఫిను డబ్బా ఇచ్చారు. తర్వాత నేను ఆ బడికి వెళ్ళినప్పుడు సుంకులమ్మ ఆ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇది నీది సార్. గీత దాటింది నువ్వు గదా."

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఏం చెయ్యమంటావని అడిగాను.

"మళ్ళా గియ్యి సార్. ఆ మూడు బారలే. చేతులు పనిచేసేటప్పుడే గియ్యి."

నేను రేపు మాపు అంటూ నెట్టుకొచ్చాను. శ్రమ పెట్టొద్దని డాక్టరు చెప్పిన మాట నాకు మంచి సాకుగా దొరికింది. నిజానికి నాకు భయం. మధ్యలో ఆగిపోతే ఆ మొహం ఎట్లా చూడాలని భయం. ఏడాది గడిచింది. ఆమె చేతిలో పలక నిలవడం మానేసింది. ఒకరోజు మద్దిలేటే నా దగ్గరకొచ్చి "గియ్యండి సార్. ఇంట్లో అదే మాట శానా సార్లు అంటాది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం బడి ఆవరణలో సుద్దపొడితో గీత గీశాను. మూడు బారలు నా చేతులతోనే కొలిచాను. ఆమె బయలుదేరింది. రెండుసార్లు ఆగి, చెంప నేలకానించి పడుకుంది. గీతకు జానెడు దూరంలో మోచేతులు వణికి, ఇక కదల్లేక ఆగిపోయింది. నేను అడుగు ముందుకేశాను. ఖాసింబీ వెనకనుంచి నా చొక్కా పట్టుకుంది. "నిలబడు సార్. ఆ పిల్ల పిలిచినాదా నిన్ను?"

నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఆమె తల ఎత్తింది, ఒక చెయ్యి వేసింది, ఇంకో చెయ్యి వేసింది, గీత దాటింది. ముక్కుకు సుద్దపొడి అంటుకుంది. ఊపిరి అందాక ఆమె అన్న మొదటి మాట: "ఇప్పుడియ్యి సార్, డబ్బా."

బడి బీరువాలో దాచినదాన్ని తెచ్చి ఇచ్చాను. నా ఉద్యోగంలో నేను ఇచ్చిన బహుమతి అదొక్కటే అనుకుంటాను. ఆనాటి నుంచి బడికి వచ్చినన్నాళ్ళూ ఆమె ఆ డబ్బాలోనే అన్నం పెట్టించుకుంది. నేను దాచుకున్న ఆ పేపరు ఫోటో చించేశాను.

ఈ వానాకాలం నెమ్ము చేసి, ఊపిరి ఆడక, మద్దిలేటి ఒడిలోనే కన్నుమూసింది. ఆ స్థైర్యమూర్తిని మరిపించే పిల్ల నాకు మళ్ళీ ఎదురుపడుతుందని అనుకోను. ఖాసింబీ ఇప్పటికీ ఆ దారి ఊడుస్తోంది. ఎందుకని నేను అడగలేదు.

పెళ్ళికాని పిల్లలు పోతే పాడె కట్టకుండా చేతుల మీదే మోసుకుపోవడం వాళ్ళింటి ఆచారం. ఆ సోమవారం నేను బస్సు దిగి చేరేసరికి బయలుదేరబోతున్నారు. అయినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మోశారు. పొలం గట్టు దగ్గర మద్దిలేటి బిడ్డతో నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నా చేతులు లేవలేదు. ఆయనకు అర్థమైంది.

"ఎత్తుకోండి సార్" అన్నాడు. "ఇప్పుడేమీ అనదులే."

అయినా ఒక్క క్షణం ఆగాను, ఆ మాట వినపడుతుందేమోనని. తర్వాత ఎత్తుకున్నాను.