గుడ్డలో చుట్టిన పదమూడో నంబరు పానా

కన్నడ సీమ అంచున ఉన్న మా కంప్లిలో ఇరవై ఏళ్ళుగా ఒకే రేకుల గోడను పంచుకుని బతికిన ఇద్దరు మనుషులను నేను ఒక్క వాక్యంతో విడగొట్టిన వైనం ఇది. ఆ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, తర్కదోషం లేదు. నిజం మాత్రం లేదు. ఏటా దసరా దగ్గర పడగానే ఎవరో ఒకరు "సార్, ఆ పానా కథ ఇంగోసారి చెప్పు" అంటారు. చెప్పి చెప్పి అలసిపోయాను. కాగితం మీద పెట్టేస్తే అడిగినవారి చేతికి కాగితమిచ్చి నేను కాస్త నడుం వాల్చవచ్చునన్న ఆశతో రాస్తున్నాను.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. కంప్లి పక్కనే ఉన్న ఎమ్మిగనూరు దగ్గర ఒక బియ్యం మిల్లులో యంత్రాల బాగోగులు చూసే ఇంజనీరు ఉద్యోగం. యంత్రాల చదువు చదివినవారికి రెండు జబ్బులు పట్టుకుంటాయి. ఏ శబ్దం విన్నా దానికి కారణం చెప్పబుద్ధి కావడం మొదటిది. చెప్పిన కారణాన్ని ప్రాణం మీదికి వచ్చినా మార్చుకోకపోవడం రెండవది. నాకు రెండూ ఉండేవి. వాటికి తోడు ఒక పనిముట్ల పెట్టె కూడా ఉండేది. నీలం రంగు ఇనుప పెట్టె. లోపల దళసరి నల్ల స్పాంజి. ఆ స్పాంజిలో ప్రతి పనిముట్టుకూ సరిగ్గా దాని ఆకారంలోనే కోసిన గుంట. ఏ పనిముట్టు తప్పిపోయినా దాని గుంట ఖాళీగా కనిపించి పట్టిచ్చేస్తుంది. ఈ ఏర్పాటు నా సొంత రూపకల్పన. ఇందులో ఉన్న లోపం ఒక్కటే: పెట్టె తెరిచి చూస్తేనే పనిచేస్తుంది. అంత చిన్న సంగతి నాకు అప్పట్లో తట్టలేదు.

ఒక ఆదివారం ఉదయం నా పాత కారులో బెల్టు కీచుమని అరిచింది. బెల్టు బిగించాలంటే ఆల్టర్నేటరు కింద ఉన్న బోల్టును వదులు చేయాలి. నా పెట్టెలోని పదమూడో నంబరు పానా ఆ సందులో దూరలేదు. సందు కన్నా పానా మందం మిల్లీమీటరున్నర ఎక్కువ. కొలిచే చెబుతున్నాను. అందుకని బస్టాండు దారిలో ఉన్న మెకానిక్ హొన్నూరప్ప షెడ్డుకు వెళ్ళాను.

"బండి ఈడికే తెస్తే పది నిమిషాల్లో చేసిస్తా గదా సార్?" అన్నాడు హొన్నూరప్ప.

"చిన్న పనే. నేను చేసుకుంటాను."

"చిన్న పనే సార్. దానికే నాకు భయమైతాండాది."

అంటూనే మేకుకు తగిలించిన ఒక ఎర్ర గుడ్డ మూటను దించి విప్పాడు. అందులో ఒక పానా. నల్లబడి, అంచులు అరిగి, అప్పడంలాగా పలచబడి ఉంది.

"మా గురువుది సార్ ఇది. అరగదీసి అరగదీసి ఇట్ల చేసినాడు. యాడికైనా దూరుతాది. పోయే ముందర నా చేతిలో పెట్టి పోయినాడు. ఆయుధ పూజకు అన్నిటికన్నా ముందర ఇదే పెట్టేది. ఇది లేకుంటే నేను టెంకాయ కొట్టను, షెడ్డు తెరవను. జాగ్రత్త అప్పా."

"నా చేతిలో వస్తువు పోవడమనేది ఇంతవరకూ జరగలేదు హొన్నూరప్పా," అన్నాను. ఆనాటికి అది నిజమే.

పని చక్కగా జరిగింది. బెల్టు బిగిసింది. సరిగ్గా అప్పుడే మిల్లు నుంచి ఫోను: ధాన్యం పైకి తోడే యంత్రం ఆగిపోయింది, వెంటనే రావాలి. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బానెట్టు దించాను. ఎక్కడో 'ఠంగ్' మంది. మళ్ళీ ఎత్తి తొంగి చూశాను. అద్దం కింద గట్టు మీద, గ్రీజు మెత్తిన ఒక పానా కనిపించింది. హమ్మయ్య అనుకుని దాన్నే ఎర్ర గుడ్డలో చుట్టి, ముడివేసి, మర్నాడు హొన్నూరప్పకు అప్పగించాను. ముడి విప్పకుండానే అతడు దాన్ని మేకుకు తగిలించాడు. నా మీద అంత నమ్మకం.

ఆ ఉదయం ఆ కారు దగ్గర ఉన్న పానాలు రెండు. నేను ఏరుకున్నది ఒకటి. ఇక్కడితో పాఠకులకు విషయం బోధపడి ఉంటుంది. నాకు బోధపడడానికి పదకొండు రోజులు పట్టింది.

ఆ మర్నాటి నుంచే కారులో కొత్త శబ్దం మొదలైంది. నేను ఒక పుస్తకం పెట్టి నమోదు చేశాను: వేగం ఇరవైకి పైన; కుడివైపు తిరిగినప్పుడు ఒక్కసారి 'ఠంగ్'; ఎడమకు తిరిగితే కొంచెం ఆలస్యంగా మరొకటి; తిన్నని రోడ్డు మీద నిశ్శబ్దం. నాలుగు రోజుల పరిశీలన తరువాత చక్రాల దగ్గరి లింకు రాడ్డు అరిగిందని తేల్చి, కారును హొన్నూరప్ప షెడ్డుకు తీసుకెళ్ళాను.

అతడు నా పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగి వచ్చాడు. "సార్, ఇంజన్ కింద కవర్ ఉండాది కదా, దాంట్లో ఏందో పడిండాది. అటూ ఇటూ జారుతాండాది. ఆరే బోల్టులు, ఇప్పి చూద్దామా?"

"పడడానికి ఏమీ లేదు. ఇది లింకు రాడ్డు."

"నువ్వేమన్నా పడేసినావేమో..."

"నేనా?"

"సుమ్నే, ఊరికే అడిగినా సార్. తప్పాయ్తు, తప్పాయ్తు."

లింకు రాడ్డు మార్చాడు. ఠంగ్. రబ్బరు బుష్షులు మార్పించాను. ఠంగ్. మూడోసారి షెడ్డుకు వెళ్ళేసరికి పక్క గోడ కంతలోంచి మాబు తల బయటికి వచ్చింది. మాబు పక్క షాపులో వెల్డింగ్ చేస్తాడు. రెండు షాపులకూ నడుమ ఒకే రేకు. దానిలో మనిషి భుజాలు పట్టేటంత కంత. సుత్తులు, రంపాలు, టీ గ్లాసులు, పండగపూట సేమ్యా గిన్నెలు ఇరవై ఏళ్ళుగా ఆ కంతలోంచే అటూ ఇటూ నడిచాయి.

"హొన్నూర్ భాయ్," అన్నాడు మాబు, "సార్ కారు మళ్ళా గంట కొట్టుకుంటా వచ్చింది. దీన్ని గుడికి ఇచ్చేయమని చెప్పు."

నేను నవ్వలేదు. షాక్ అబ్జార్బర్లను అనుమానిస్తున్నాను; ఆ పనిలో ఉన్నవాడికి నవ్వు రాదు.

ఆయుధ పూజ ముందురోజు మధ్యాహ్నం ఆ షాక్ అబ్జార్బర్ల కోసమే షెడ్డులో ఉన్నాను. హొన్నూరప్ప సామానంతా కిరసనాయిలుతో కడుగుతున్నాడు. చివరగా ఎర్ర గుడ్డ ముడి విప్పాడు. లోపలి పానాను రెండు వేళ్ళతో పట్టి మందం చూశాడు.

"ఇది నాది కాదు."

చూశాను. దళసరిగా ఉన్న కొత్త పానా. కంప్లిలో ఏ ఇనుప సామాను కొట్టులోనైనా దొరికే రకం.

"సార్, నువ్వు నాకు ఇచ్చింది ఇదేనా?"

"నేను నీ పానా నీకు ఇచ్చాను."

"మరి ఇది నీదేమో?"

"నాది నా పెట్టెలో ఉంది."

"చూసినావా సార్?"

"చూడవలసిన అవసరం లేదు. నా పెట్టెలో ఏదీ తప్పిపోదు."

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఇంత పొడుగు ఉండేది కాదు. నేను ఆగలేదు. నిరూపణ మొదలుపెట్టాను. "ఆలోచించు హొన్నూరప్పా. గుడ్డ నా చేతిలోంచి నీ చేతికి వచ్చింది. తొమ్మిది రోజులు నీ మేకుకు వేలాడింది. ఈ తొమ్మిది రోజుల్లో, నువ్వు కాకుండా, ఆ మేకు దాకా చెయ్యి చాపగలిగినవాళ్ళు ఎందరు?"

ఎవరి పేరూ చెప్పలేదు. కానీ షెడ్డులో అందరి కళ్ళూ, అంటే నావీ హొన్నూరప్పవీ, కంత వైపు తిరిగాయి. అడిగి తీసుకున్న రంపాన్ని తిరిగి ఇవ్వడానికి వచ్చిన మాబు ఆ కంతలోనే నిలబడి ఉన్నాడు.

"నా పేరే చెప్పు సార్. ఇన్ని లెక్కలెందుకు?"

"నేను ఎవరినీ అనలేదు మాబూ. సాధ్యాసాధ్యాలు చెప్పాను, అంతే."

మాబు నన్ను వదిలేసి హొన్నూరప్పను చూశాడు. "నువ్వు చెప్పు. నీ గురువు పానా నేను తీసినానా?"

హొన్నూరప్ప తల ఎత్తలేదు. "నేనేమీ అనల్యా కదా మాబూ."

"అనల్యా. తీయల్యా అని కూడా అనల్యా." రంపాన్ని నేల మీద పెట్టాడు. "తెక్కలకోటలో మా బామ్మర్ది జాగా ఉండాది. రేపే టెంపో తెప్పిస్తా. నీ గోడ నువ్వే ఉంచుకో."

తరువాత అవతలి వైపు నుంచి కంతకు రేకు పెట్టి మేకులు కొట్టడం వినిపించింది. పదకొండు మేకులు. లెక్కపెట్టడం తప్ప నాకు వేరే పని తోచలేదు.

ఇంటికి వచ్చి నా భార్య సరోజకు జరిగినదంతా తర్కబద్ధంగా వివరించాను. ఆమె చివరిదాకా విని ఒక్కటే అడిగింది. "మీ పెట్టె తెరిచి చూసినారా?"

"అవసరం లేదు."

"తెరిస్తే ఏం పోతాది?"

"తెరిస్తే నాకే నమ్మకం లేదని అర్థం వస్తుంది."

మర్నాడు పూజ. తెల్ల పంచె కట్టుకుని సిద్ధమయ్యాను. సరోజ విభూతి, కుంకుమ పళ్ళెం తెచ్చి పెట్టె ముందు కూర్చుంది. "తెరవండి, సామాన్లకు బొట్టు పెట్టల్ల."

"మూత మీద పెట్టు, చాలు."

"ఒంట్లో బాగలేనోళ్ళకు గోడ అవతల నుంచి సూది వేస్తారా?" అని తానే తెరిచింది. ఒక్కొక్కదానికీ బొట్టు పెడుతూ పోయి, నడుమ ఆగింది.

"ఇదేంది, ఈ గుంట ఖాళీగా ఉండాది?"

వంగి చూశాను. పదమూడో నంబరు. నా రూపకల్పన అద్భుతంగా పనిచేస్తోంది. గుడ్డలో దొరికిన కొత్త పానా నాది. మరి గురువుగారి పానా ఎక్కడ? ఆ ప్రశ్న పూర్తి కాకముందే చెవిలో జవాబు మోగింది: కుడివైపు ఒకటి, ఎడమవైపు కొంచెం ఆలస్యంగా మరొకటి.

"ఏమన్నా చెప్తారా," అంది సరోజ, "లేకుంటే లెక్క నన్నే వేయమంటారా?"

కారు తీశాను. దారిలో మలుపు మలుపుకూ అది నన్ను వెక్కిరించింది. షెడ్డు చేరేసరికి మాబు షాపు ముందు టెంపో ఆగి ఉంది. వెల్డింగు తీగలు చుట్టలు చుట్టి ఎక్కించేశాడు. షెడ్డులో సామానంతా విభూతి రేఖలతో, బంతిపూలతో వరుసగా ఉంది. ముందు వరుసలో ఒక చోటు ఖాళీ. హొన్నూరప్ప పగలని టెంకాయ పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"హొన్నూరప్పా, నీ పానా నా బండి కిందుంది. కవరు విప్పు!"

అతడు లేచి, మళ్ళీ ఆగిపోయాడు. "దేంతో ఇప్పేది సార్? సామానంతా పూజకు పెట్టేసినా. విభూతి పడినంక రేపు పొద్దున దాకా ముట్టగూడదు. గురువు మాట."

విభూతి పడని పనిముట్టు ఆ షెడ్డులో ఒక్కటే: నా పానా. కవరు బోల్టులేమో పదో నంబరువి; పదమూడో నంబరు పానా వాటికి పట్టదు.

ఇక మిగిలింది నా చెయ్యి. తెల్ల పంచెతోనే గోనెసంచి మీద వెల్లకిలా పడుకుని, కారు కిందికి జరిగి, కవరుకూ బంపరుకూ మధ్య ఉన్న సందులో ఎడమ చెయ్యి దూర్చాను. వేళ్ళకు చల్లగా, పలచగా తగిలింది. సందులోంచి దాని కొసను బయటికి తోశాను. హొన్నూరప్ప అందుకున్నాడు. పానా బయటికి వచ్చింది. నా చెయ్యి రాలేదు. గడియారం పట్టీ లోపల ఏదో కొక్కేనికి తగులుకుంది.

టెంపో దగ్గర నుంచి రెండు కాళ్ళు నడిచి వచ్చి నా తల పక్కన ఆగాయి. మాబు వంగి చూశాడు.

"మాబూ, తప్పు నాది. పానా నా బండిలోనే ఉంది. నువ్వు తీయలేదు."

"ఇనపల్యా సార్. కారు కింద గాలి ఎక్కువ."

"తప్పు నాది!"

"నాకు కాదు సార్, బజారుకు వినపడల్ల. నిన్న నువ్వు కంత దిక్కు చూసినప్పుడు బజారంతా చూసింది."

బజారుకు వినపడేలాగే అరిచాను. ఎదుటి టీ కొట్టువాడు "ఏమాయ్తు?" అని పరుగెత్తుకొచ్చాడు. ఆ తరువాత హొన్నూరప్ప గొంతు, చాలా చిన్నగా: "మాబూ, నిన్న నేను తల ఎత్తింటే సరిపోయేది. ఎత్తల్యా. టెంకాయ నువ్వే కొట్టు."

తరువాత టెంకాయ పగిలింది. తీగల చుట్టలు దించుకున్న టెంపో ఖాళీగా వెళ్ళిపోవడం నాకు నేల అదురు ద్వారా తెలిసింది. లోపల హారతి, బొరుగుల పంపకం, నవ్వులు. చివరికి హారతి పళ్ళెం బండ్ల దగ్గరికి వచ్చింది. నా కారు బానెట్టుకు విభూతి రాశారు. దాని ముందు కాళ్ళకు, అంటే ముందు టైర్లకు, కూడా రాయడం అయింది.

"హొన్నూర్," అన్నాడు మాబు, "ఈ కాళ్ళకు కూడా పెట్టు. మనిద్దర్నీ ఇప్పిన పానా ఇదే కదా."

అరికాళ్ళకు చల్లగా మూడు గీతలు పడ్డాయి. వేళ్ళ సందున బంతిపువ్వు కూడా పెట్టారు.

"అయిందా? ఇక నా చెయ్యి విడిపించండప్పా!"

ఇద్దరూ ఒకేసారి, ఎంతో భక్తిగా వెనక్కి జరిగారు.

"అయ్యో, యాడ విడిపించేది సార్?" అన్నాడు హొన్నూరప్ప. "విభూతి పడిపోయింది. రేపు పొద్దున దాకా ముట్టగూడదు."

ఇరవై రెండు నిమిషాల తరువాత, గురువుల నియమాలేవీ వర్తించని సరోజ వచ్చి, గడియారం పట్టీ విప్పి నన్ను బయటికి లాగింది. రేకు మేకులు ఆ సాయంత్రమే ఊడాయి. మాబు సుత్తితో ఊడదీసింది నేనే, నా చేత దగ్గరుండి పదకొండూ లెక్కపెట్టించారు.

కాబట్టి ఈ కాగితం చదివిన ప్రతి ఒక్కరి సాక్షిగా, నిండు మనసుతో, నడుం నొప్పితో ప్రమాణం చేస్తున్నాను: తెరిచి చూడని పెట్టె గురించి ఇకమీదట ఎవరి ఎదుటా ఒక్క ముక్క మాట్లాడను. పెట్టె నాదైతే మరీ మాట్లాడను.