బావగారి లాండ్రీ టాంకు

మా ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా మేం వెతకం. సైన్యంలో చేరిపోయిందని సరిపెట్టుకుని, ఓ నిట్టూర్పు విడిచి, ఇంకోటి కొనుక్కుంటాం. ఆ సైన్యానికి భర్తీ అధికారి, సర్వసేనాని, కార్ఖానా యజమాని అన్నీ మా బావగారే.

బావగారంటే మా అక్క భర్త. నీటి సరఫరా ఆఫీసులో గొట్టాల పటాలు గీయడం ఆయన ఉద్యోగం. మిలటరీ బళ్ల నమూనాలు చేయడం ఆయన జీవితం. అందరిలా కొట్లో పెట్టె కొనుక్కొచ్చి, అందులో ముక్కలు అతికించి, గాజు బీరువాలో పెట్టుకునే మనిషైతే ఇంత రాయవలసిన పని నాకు ఉండేది కాదు. నా చొక్కాలకి గుండీలు కూడా ఉండేవి. ఈయన మొదటి నుంచీ అంతా తానే చేస్తారు. అది కూడా ఇంట్లో దొరికే సరంజామాతోనే. పైగా మామూలు బళ్లు చేయరు. యుద్ధంలో పుట్టి, ఆ తర్వాత వేరే ఉద్యోగంలో కుదురుకున్న బళ్లు మాత్రమే చేస్తారు. ఫిరంగి పీకేసి నీళ్ల పంపు బిగించుకున్న టాంకు, రోడ్డు మీద మంచు ఊడ్చే కవచవాహనం, పాల క్యాన్లు మోసే గస్తీ బండి, ఇలాంటివి.

"ఫిరంగి ఉన్నది ఒక్కటి చేయొచ్చుగా బావగారూ, చూసేవాళ్లకి కాస్త వీరరసం ఉంటుంది" అన్నాను ఒకసారి.

"ఫిరంగి ఉన్నది ఎవడైనా చేస్తాడోయ్. పీకేశాక ఆ కన్నంలో ఏం పెట్టారన్నదే అసలు కథ."

కింది వాటాలో అక్కా బావగారూ, పై వాటాలో నేనూ నాన్నగారూ ఉంటాం. కాబట్టి భర్తీ కార్యక్రమం రెండు అంతస్తుల్లోనూ నిరాటంకంగా సాగేది. చొక్కా గుండీలు చక్రాలయ్యాయి. దువ్వెన పళ్లు నిచ్చెన మెట్లయ్యాయి. టూత్‌పేస్టు మూత దీపమైంది. నా చేతి గడియారం గొలుసు రెండు ముక్కలై, పాల బండికి చెరోవైపూ పట్టాలై కూర్చుంది.

"అక్కా, నా నీలం చొక్కాకి మధ్య గుండీ ఏదే?"

"మంచు ఊడ్చే దాని వెనక చక్రం చూడు."

"నాకు పది గంటలకి ఆఫీసులో మీటింగుంది!"

"నా గరిటెకి మాత్రం పిడి ఉందట్రా? పిడి లేకుండా వండుతున్నాను. ఎవరితో చెప్పుకోను?"

ఆమె గొంతులో కోపం లేదు. కోపానికి కూడా కొంత ఓపిక కావాలి. అది ఎప్పుడో సైన్యంలో చేరిపోయింది. నేను మీటింగంతా ఒక ఫైలు గుండెకి హత్తుకుని నిలబడ్డాను. అదే అలవాటైపోయి, ఆఫీసులో నాకు వినయసంపన్నుడనే పేరొచ్చింది. నా వినయం అంతా గుండీలు లేకపోవడం వల్ల వచ్చిందని అక్కడ ఎవరికీ తెలియదు.

ఇక నాన్నగారి సంగతి చెప్పాలి. వయసులో ఉండగా ఆయన మిలటరీలో డ్రైవరు. ఆయన దగ్గర ఒకే ఒక్క కథ ఉండేది. పై మూత పీకేసి, ఆ కన్నంలో పెద్ద బట్టలుతికే డ్రమ్ము దింపిన టాంకు ఒకటి తన చేతుల మీదుగా నడిచిందని, సిపాయిల బట్టలు అందులోనే ఉతికేవారని ఆ కథ. బాయిలరు ఆవిరి గొట్టం తన కుడి చెవి పక్కనే బుసకొడుతూ ఉండేదట. ఆయనకి కుడి చెవి వినిపించదు. అందుకే మా ఇంట్లో అందరం ఆయనకి ఎడమ పక్కనే కూర్చుంటాం. కథ వినీ వినీ మేం అలసిపోయాం. ఆయన మొదలుపెట్టగానే నాకు బయట ఏదో పని గుర్తొచ్చేది. బావగారు మాత్రం ఎడమ పక్కన కుర్చీ లాక్కుని, మొదటిసారి వింటున్నట్టు చివరిదాకా వినేవారు.

పార్కులో నాన్నగారి సాయంత్రపు బెంచీకి ఓ మేనేజరుగారు అధ్యక్షుడు. ఉద్యోగం వదిలి చాలా కాలమైనా ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. ఓ సాయంత్రం ఈ కథ ఆయన చెవిన పడింది.

"టాంకులో బట్టలుతికారా? శత్రువు మీద గంజి పోసేవారా ఏమిటండీ?"

"సబ్బు ఫిరంగండీ! గుండు పేలితే ఊరంతా నురగే!" అన్నాడు పక్కాయన.

"పోనీ ఓ ఫొటో ఉందాండీ?" అన్నారు మేనేజరుగారు.

ఫొటో లేదు. ఆ రోజు నుంచి బెంచీ మీద నాన్నగారి పేరు సబ్బు ఫిరంగి. కొన్నాళ్లకి నాన్నగారు పార్కు మానేశారు. ఆ తర్వాత కథ మానేశారు. చివరికి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మాటలే మానేశారు. మేం కోరుకున్న నిశ్శబ్దం దొరికింది గానీ, అందులో ఎవరికీ నిద్రపట్టలేదు. ఒకరోజు నేనే బతిమాలాను, ఆ లాండ్రీ టాంకు సంగతి చెప్పమని.

"ఏమోరా. అలాంటిదేం లేదేమో. నేనే కలగన్నానేమో" అన్నారు.

అది విన్నప్పుడు బావగారు మా మెట్ల మీద ఉన్నారు. మా ఇస్త్రీపెట్టె తీగ పట్టుకుని దిగుతున్నారు. ఓ క్షణం ఆగి, తీగతో సహా వెళ్లిపోయారు.

ఆ తర్వాత భర్తీ ముమ్మరమైంది. బిందె మూత కంటికి కనపడలేదు. టీ వడకట్టే జాలి, అక్క కళ్లజోడు పెట్టె, నా కొత్త తెల్ల చొక్కా గుండీలు పూర్తిగా, అన్నీ ఒకే వారంలో చేరిపోయాయి. నేను వాదించలేదు. గుండీలు ఊడకుండా గట్టిగా కుట్టించి ప్రయోజనం లేదని, అప్పుడు చొక్కా కూడా చిరుగుతుందని అనుభవం చెప్పింది.

నమూనాల సంఘం వారికి ఏటా ఓ ప్రదర్శన ఉంటుంది. బావగారికి ఎప్పుడూ రెండో బహుమతి వచ్చేది. మొదటి బహుమతి కోసం ఆయన ఆశపడటం మా ఇంటి గోడలకి కూడా తెలుసు. సంఘం నియమం ఏమిటంటే, అలాంటి బండి లోకంలో నిజంగా ఉండేదని ఫొటో చూపించాలి, లేదా కళ్లారా చూసినవాళ్లని తీసుకురావాలి.

"మామయ్యగారూ, దారిలో ఈ పెట్టె కుదుపులకి పాడవకుండా ఒళ్లో పెట్టుకునే మనిషి కావాలండీ" అన్నారు బావగారు.

"నీ బావమరిది లేడూ?"

"వాడి చేతులు ఖాళీ ఉండవు. చొక్కా పట్టుకోవాలి."

నాన్నగారు విసుక్కుంటూనే బయల్దేరారు. పెట్టెలో ఏముందో ఆయనకి తెలియదు. హాల్లో అడుగుపెట్టేసరికి ఎదురుగా మేనేజరుగారూ, బెంచీ పరివారమూ ఉన్నారు.

"వీళ్లనెవరు పిలిచారండీ?" అన్నాను బావగారి చెవిలో.

"నేనే" అన్నారు బావగారు ప్రశాంతంగా.

ఈయనకి చక్రాలు తప్ప మనుషులు అర్థం కారని ఆ క్షణాన నాకు రూఢి అయిపోయింది.

పెట్టె తెరిచారు. లాండ్రీ టాంకు! పై కన్నంలో డ్రమ్ము, వెనక గంపలు, తాళ్ల మీద గోరంత చొక్కాలు. నాన్నగారు చూపు తిప్పేసుకున్నారు. న్యాయనిర్ణేత, రిటైరైన డ్రాయింగు మాస్టారు, భూతద్దంతో వంగారు.

"దీనికి ఫొటో ఏదండీ?"

"ఫొటో లేదండీ. నడిపినాయన ఉన్నారు" అని బావగారు నాన్నగారిని చూపించారు.

"వచ్చేసిందండోయ్ సబ్బు ఫిరంగి!" అన్నారు మేనేజరుగారు. పరివారం నవ్వింది.

నాన్నగారు తల దించుకున్నారు. "నాకేం గుర్తులేదండీ" అంటూ గుమ్మం వైపు తిరిగారు. తిరుగుతూ ఓసారి బండి వంక చూశారు. ఆగారు. మళ్లీ చూశారు.

"ఇదేమిటి?"

"ఆవిరి గొట్టం మామయ్యగారూ."

"అది నాకు తెలుసయ్యా! ఇక్కడెందుకుంది?"

"ఎడమవైపే కదండీ?"

"ఎడమవైపా!" హాలంతా తిరిగి చూసింది. "ఎడమవైపు డీజిలు మూత ఉంటే దాని నెత్తిన బాయిలరు గొట్టం పెడతారా ఎవరైనా? సిపాయిల బట్టలతో పాటు మేం కూడా తగలబడిపోమూ? కుడివైపు! నా చెవి పక్కన! మరి ఈ చెవి దేనికి పోయిందనుకున్నావు, నా కొడుకు గురకకా?"

బావగారు చేతులు కట్టుకుని తిట్లు తిన్నారు. నాన్నగారు ఆగలేదు. డ్రమ్ము ఎటు తిరిగేది, నీళ్లు ఎక్కడ పోసేవారు, గేరు మారిస్తే సబ్బునీళ్లు ఎవరి నెత్తిన పడేవి, అన్నీ చెప్పేశారు. చుట్టూ జనం చేరారు. గుంపులోంచి ముందుకొచ్చి మేనేజరుగారు నెమ్మదిగా అడిగారు.

"మరి బట్టలు ఎక్కడ ఆరేసేవారండీ?"

ఎగతాళి కాదు. ఆయనకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"ఎక్కడేమిటి, బండి మీదే! నడుస్తుండగానే. ఆరేలోపు దుమ్ముపట్టేవి. మళ్లీ ఉతికేవాళ్లం. యుద్ధం అయిపోయింది గానీ ఆ ఉతుకుడు అవలేదు!"

మేనేజరుగారు నవ్వు ఆపుకోలేక నాన్నగారి భుజం పట్టుకున్నారు. అప్పటిదాకా కుడి పక్క ఉన్న ఆయన కాస్తా, ఎవరూ అడగకుండానే, ఎడమ పక్కకి మారారు.

మాస్టారు భూతద్దం దించి తీర్పు చెప్పారు. "బండి నిజం. సాక్షి ఉన్నారు. కానీ నమూనా తప్పు. గొట్టం తప్పువైపు ఉంది కనుక బహుమతికి పనికిరాదు."

రెండో బహుమతి కూడా పోయింది. ఇంటికొచ్చేదాకా నాన్నగారు అల్లుణ్ణి తిడుతూనే ఉన్నారు. "ఇన్నిసార్లు చెప్పానే, ఒక్కసారైనా విన్నావా?" అని. బావగారు "పొరపాటైంది మామయ్యగారూ" అంటూనే ఉన్నారు. మర్నాడు సాయంత్రం నాన్నగారు చెప్పులేసుకుని, "బెంచీ దగ్గర నా కోసం కాచుకుని ఉంటారు" అంటూ పార్కుకి వెళ్లారు.

నేను కిందికి దిగేసరికి బావగారు బల్ల ముందు ఉన్నారు. ఎడమవైపు గొట్టాన్ని పట్టి లాగారు. అతికించలేదేమో, ఇట్టే ఊడొచ్చింది. కుడివైపున అలంకారంగా ఉన్న తెల్ల గుండీని గోటితో ఎత్తారు. దాని కింద గుండ్రంగా, నున్నగా, సరిగ్గా గొట్టానికి సరిపడా కన్నం ఉంది. గొట్టం అందులో దిగిపోయింది.

"ఈ కన్నం ఎప్పుడు పెట్టారు బావగారూ?"

"మొదట్లోనే."

"మరి..."

"మీ నాన్నగారికి ఎడమ పక్కన కూర్చునే కదోయ్ ఇన్నేళ్లూ విన్నాను. కుడి ఏదో తెలియదా నాకు?" అని, ఆ గుండీ నా చేతిలో పెట్టారు. "పట్టుకో. డిశ్చార్జయింది."

ఆ సైన్యం నుంచి ఒకటి తిరిగిరావడం అదే మొదలు. అక్క దాన్ని తిప్పి తిప్పి చూసింది. అంచుకి అంటిన ఆకుపచ్చ రంగు పోదంది. ఫర్వాలేదు, నా నీలం చొక్కా మధ్యలో అలాగే కుట్టేయమన్నాను.

మర్నాడు ఆఫీసులో ఫైలు బల్ల మీద పెట్టి, చేతులు రెండూ వదిలేసి మీటింగులో నిలబడ్డాను. ఆ పచ్చ గుండీ ఏమిటని అందరూ అడిగారు. మిలటరీలో పనిచేసి వచ్చిందని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. నాకూ ఫొటో లేదు.