మరియమ్మ వరస

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది నన్ను కంకిపాడు వైపు సర్వేకి వేశారు. విజయవాడలోని ఒక సర్వే ఆఫీసులో నాది ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ ఉద్యోగం, అంటే ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకొచ్చే పని. చదువు పదో తరగతి దగ్గరే ఆగింది గానీ, ఒకసారి ఎక్కిన గడప మర్చిపోను. ఆ సర్వే కౌలు రైతుల రాబడి మీద. ఎంచుకున్న కుటుంబాల దగ్గరికే సార్వాకీ దాళ్వాకీ, అంటే ఏడాదిలో రెండు పంటలకీ, మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఒక్కో కుటుంబానికి ఒక నంబరు, ఆ నంబరు కింద పంటకో వరస. ఇలా పోగైన దాన్నే ప్యానెల్ డేటా అంటారు.

ఆఖరి పంట అయ్యాక, డేటా చూసే శిరీష గారు దాన్ని కంప్యూటర్లో పరీక్షించారు. కుటుంబాలెన్ని, పంటలెన్ని, ప్రతి కుటుంబానికీ అన్ని వరసలూ ఉన్నాయా అన్నది సాఫ్ట్‌వేరే చెబుతుంది. ఉంటే బ్యాలెన్స్‌డ్, లేకపోతే అన్‌బ్యాలెన్స్‌డ్. మాది రెండోదని తేలింది. ఊళ్లు విడిచిపోయిన కొందరికి ఆఖరి వరస లేదు. వాళ్లలో మరియమ్మ ఒకతి.

మా మేనేజరు గారు, ఆ ఇళ్లలో ఇప్పుడెవరుంటే వాళ్లనడిగి పాత నంబరు మీదే నింపుకురమ్మన్నారు.

“మరియమ్మ నంబరు మీద ఇంకొకరి పంట ఎలా రాస్తానండీ?” అన్నాను.

“ఇల్లు అదేగా అమ్మా. సాఫ్ట్‌వేరుకి మరియమ్మా తెలీదు, మీరూ తెలీదు.”

ఒళ్లు మండిపోయింది. మరియమ్మ కౌలుకు చేసే పొలాన్ని ఆసామి ప్లాట్లు వేశాడు. ఆమె గన్నవరంలో హోటల్లో పనికి చేరిందని తెలిసి బస్సెక్కి వెళ్లాను.

“ఇక్కడిక్కూడా వచ్చావా అక్కా? పొలం లేనిదాన్ని ఏం రాసుకుంటావ్?”

“పొలం లేదనే రాసుకుంటా.”

“అయితే ఈ అంట్లు కూడా రాసుకో. ఎకరాలకెకరాలున్నాయి.”

ఆ వరస అలాగే రాసి తెచ్చాను. ఆచూకీ దొరకనివాళ్లవి ఖాళీగానే ఉంచి, కారణం రిపోర్టులో చెబుదామని శిరీష గారన్నారు. అన్‌బ్యాలెన్స్‌డ్ అయినా లెక్క కట్టే పద్ధతులున్నాయని మేనేజరు గారికి ఓపిగ్గా వివరించారు. ఆయన వినలేదు. ఖాళీలున్న కుటుంబాలన్నిటినీ తీసేశారు. మరియమ్మకి ఖాళీ లేదుగా అంటే, కౌలే లేనప్పుడు కౌలు రైతు ఎలా అవుతుందని ఆమెనూ కొట్టేశారు.

కౌలు రైతుల రాబడి పెరిగిందని రిపోర్టు వెళ్లింది. పెరగక ఏం చేస్తుంది? చితికినవాళ్లందరినీ ఏరి పారేశాక మిగిలింది నిలదొక్కుకున్నవాళ్లేగా. శిరీష గారూ నేనూ రిపోర్టులోంచి మా పేర్లు తీయించుకున్నాం. నేను రిటైరయ్యేదాకా నాకు మళ్లీ ఫీల్డు పని ఇవ్వలేదు.

బ్యాలెన్స్‌డ్ అంటే వరసలు సరిపోయాయని మాత్రమే. ఎవరిని తీసేస్తే సరిపోయాయో సాఫ్ట్‌వేరు చెప్పదు, మనమే అడగాలి. దానికి జవాబు లేని రిపోర్టును నేను లెక్కలోకి తీసుకోను.