తమ్ముడని రుజువేది?

ఎండాకాలంలో టీవీవాళ్లు రాష్ట్రంలో ఎక్కువ వేడి ఎక్కడ అని చెప్పేటప్పుడు వినబడే పేరు మా ఊరిదే. రెంటచింతల. ఊరి పేరు వినగానే పిల్లలు చప్పట్లు కొడతారు, పెద్దవాళ్లు నెత్తిన తడిగుడ్డ వేసుకుంటారు. అలాంటి ఊళ్లో ఉండేవాళ్లకు మంచు చూడాలనిపించడంలో వింతేముంది? అయినా మేం ముగ్గురం స్విట్జర్లాండు పోతున్నామంటే ఊరు ఊరంతా వింతగానే చూసింది.

కోరిక పుట్టింది మా ఎదురింటి కోటేశ్వరమ్మ అత్తకు. అరవై దాటిన మనిషి. పిల్లలు లేరు, మామయ్య పోయి ఎనిమిదేళ్లయింది. రెండెకరాల మిర్చి చేను కౌలుకిచ్చి ఒక్కతే ఉంటోంది. పోయిన మే నెలలో కరెంటు లేని ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ అంది, "చచ్చినాక ఎట్టాగూ కాలుస్తారు. బతికుండంగా ఒకసారి మంచులో నిలబడొద్దామే విజయా."

నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఏళ్ల తరబడి పటం మీద మంచుకొండలను బెత్తంతో చూపించడమే కానీ, ముట్టుకున్న పాపాన పోలేదు. సరే అన్నాను. మా ఆయన మాత్రం "మంచు కావాలంటే ఫ్రిజ్ తలుపు తియ్యి" అని తప్పుకున్నాడు.

మూడో మనిషి మస్తాన్ బాబాయి. ట్రాక్టర్ల స్పేర్‌పార్టుల దుకాణం ఆయనది. అత్త ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒకటే గోడ. అత్త కొత్తకోడలిగా ఊళ్లోకి వచ్చేనాటికి ఆయన నిక్కర్లు వేసుకునే పిల్లాడట. అప్పటినుంచీ "అక్కా" అనే పిలుపు. నాకు ఆవిడ అత్త కాబట్టి ఆవిడ తమ్ముడు నాకు బాబాయి, ఆయన భార్య ఖాసింబి పిన్ని. మా వైపు వరస కలపకుండా ఎవర్నీ వదలరు. బస్సు కండక్టరు కొత్తగా వస్తే రెండో ట్రిప్పుకల్లా ఎవరికో బావ అయిపోతాడు.

ఆ అలవాటే మా కొంప మీదికి తెచ్చింది. అత్త దగ్గర ప్రయాణానికి సరిపడా డబ్బుంది కానీ ఇన్‌కమ్‌టాక్స్ కాగితాలు లేవు. అందుకని కాగితాలున్న మనిషి ఆవిడ ఖర్చుకు పూచీ పడాలన్నాడు నరసరావుపేట ట్రావెల్ ఏజెంటు. బాబాయి ఒప్పుకున్నాడు. ఏజెంటు ఫోన్లో అడిగాడు, "ఆమె మీకేమవుద్దండీ?" బాబాయి చెప్పాడు, "అక్క." ఏజెంటు ఫారంలో 'బ్రదర్' అని టైపు కొట్టేశాడు. ఏజెంటూ పల్నాడు మనిషే. షేక్ మస్తాన్‌కు కోటేశ్వరమ్మ అక్క ఎలా అవుతుందని ఆయనకూ తట్టలేదు, మాకూ తట్టలేదు.

వీసా ఫోటోకు అత్తతో నేనే స్టూడియోకు వెళ్లాను. వెనక తెల్లగోడ ఉండాలట. అత్తేమో గంధం రంగు చీర కట్టుకొచ్చింది. చిలకపచ్చ అంచు, కొంగు దగ్గర చిన్న చిరుగు కుట్టిన గుర్తు. ఫోటో తీసే ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "తెల్లగోడలో కలిసిపోద్ది అత్తా, ముదురు రంగుది కట్టుకురాపో."

"చీర కలిస్తే కలవనీ. నా మొహం కలవదుగా, కానీ" అంది అత్త.

బీరువాలో పట్టుచీరలు ఎవరికి దాస్తున్నావని నేను ఎగతాళి చేశాను. "ఇదే బాగుంది, పోదువూ" అంది. హైదరాబాదులో వీసా ఆఫీసుకు మనిషే వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి. ఒకరోజు ముందే బయలుదేరాం.

పొద్దున ఐదున్నర బస్సుకు రెంటచింతలలో ఎక్కాం. ఆడవాళ్లం ఆధార్ చూపిస్తే సరిపోయింది, టికెట్టు బాబాయి ఒక్కడే కొన్నాడు. "మొగోడిగా పుట్టినందుకు పన్ను" అని గొణిగాడు. గురజాల, దాచేపల్లి దాటి నడికుడి స్టేషనుకు చేరేసరికి ఏడయింది. ఖాసింబి పిన్ని కట్టిచ్చిన పులిహోర ప్లాట్‌ఫారం మీదే తిన్నాం. ఎనిమిదిలోపు రైలొచ్చింది. సికింద్రాబాదుకు దాదాపు మూడున్నర గంటలు. ఈ దారిన వెళ్లేవాళ్లు ఎడమా కుడీ అని చూసుకోకుండా కిటికీ దొరికితే కూర్చోండి, కాసేపటికే కృష్ణ వస్తుంది. వంతెన మీద రైలు నిదానించింది. అత్త రూపాయి బిళ్ల నీళ్లలోకి విసిరి దణ్ణం పెట్టుకుంది.

మా ఎదుట మిర్యాలగూడ వెళ్లే ఒకావిడ కూర్చుంది. ఒళ్లో పచ్చడి జాడీ, కళ్లన్నీ మా ఫైళ్ల మీద.

"ఏడికి వోతున్రమ్మా, గిన్ని కాయితాలు?"

"మంచు దేశానికి" అంది అత్త, పక్క ఊరి పేరు చెప్పినట్టు.

"గీయన నీకేమైతడు?"

"మా తమ్ముడు."

ఆవిడ ఇద్దర్నీ పరీక్షగా చూసింది. "నిజమే, ముక్కు గట్లనే ఉన్నది" అని తేల్చేసింది. బాబాయి ముక్కు తడుముకున్నాడు. దిగేదాకా ఆయన మొహంలో నవ్వు పోలేదు.

సికింద్రాబాదులో స్టేషను ఎదురుగా లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి, ఫ్యాను మాత్రం తిరిగినదానికన్నా మూలిగింది ఎక్కువ. సాయంత్రం మెట్రో ఎక్కి ఊరికే ఆ చివరిదాకా పోయి వచ్చాం. తలుపులు వాటంతట అవే మూసుకుంటుంటే అత్త ప్రతి స్టేషనులోనూ లోపలికి ముడుచుకుని కూర్చుంది. బాబాయి ఆ తలుపుల మోటారు ఎక్కడుంటుందో కనిపెట్టాలని పైకీ కిందికీ చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు పదింటికి మా పిలుపు. అత్త స్నానం చేసి మళ్లీ అదే గంధం రంగు చీర కట్టుకుంది. ఫోటోలో చీరా ఒంటి మీద చీరా ఒకటే ఉండాలేమోనని ఆవిడ అనుకుంటోందని నేను అనుకున్నాను. వీసా ఆఫీసు ఒక పెద్ద మేడలో ఉంది. సంచులు లోపలికి రానివ్వరు, ఫోన్లు ఆపేయాలి. వెళ్లేవాళ్లు బరువులు లాడ్జిలోనే వదిలేసి వెళ్లడం మేలు. లోపల చల్లగా ఉంది. "మంచు ఇక్కడే మొదలైందే" అంది అత్త నా చెవిలో.

నా పనీ బాబాయి పనీ చిటికెలో అయ్యాయి. తర్వాత అత్త పేరు పిలిచారు. కౌంటరు అమ్మాయి తెలుగు పిల్లే, మెత్తగా మాట్లాడింది. అత్త ఫైలు తిప్పి ఆగిపోయింది.

"అమ్మా, స్పాన్సర్ దగ్గర బ్రదర్ అని ఉంది. మీ ఇద్దరి నాన్నల పేర్లు వేరు కదా?"

"వేరే గదమ్మా మరి" అంది అత్త.

"సొంత తమ్ముడైతే ప్రూఫ్ పెట్టాలి. కాకపోతే ఏమవుతారో మార్చి రాసి, ఎందుకు స్పాన్సర్ చేస్తున్నారో ఒక లెటర్ పెట్టండి. ఇలాగే పంపితే తప్పు చెప్పారనుకుంటారు. వీసా రావడం కష్టం."

వెనక బెంచీ మీద కూర్చున్న బాబాయి లేచి రెండడుగులు ముందుకొచ్చాడు. అత్త వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

"ఏమీ కాడమ్మా. పక్కింటోడు. మా నాన్నకి నేనొక్కదాన్నే, తోడబుట్టినోళ్లే లేరు. అట్టే రాసుకో."

అమ్మాయి నాకొక తెల్లకాగితం ఇచ్చింది. ఆయన వీరికి పొరుగువారు, రక్తసంబంధం లేదు, స్నేహం కొద్దీ పూచీ పడుతున్నారు అని ఇంగ్లీషులో రాశాను. బాబాయికి చదివి వినిపించాను. ఆయన సంతకం పెట్టి పెన్ను నాకిచ్చేసి బెంచీ దగ్గరికి పోయాడు. అత్త హాయిగా వేళ్లన్నీ మిషను మీద పెట్టి ముద్రలిచ్చింది, కెమెరా ముందు కూర్చుని కొంగు సర్దుకుంది. పన్నెండు కాకముందే ముగ్గురం బయటపడ్డాం.

పని జరిగినందుకు హోటల్లో బిర్యానీ చెప్పాను. బాబాయి పెరుగన్నం చాలన్నాడు. అదీ సగం వదిలేశాడు. ఎండ దెబ్బేమో అనుకుంది అత్త. నాకు మాత్రం ఎందుకో తెలిసింది.

మామయ్య పోయిన పదోరోజున పుట్టింటివాళ్లు చీర తెచ్చి పెట్టాలి. మాలో అది తప్పదు. మొగుడు పోయినా నీకు మేమున్నామని చెప్పే చీర అది. అత్తకు ఆపాటికి పుట్టింట్లో దీపం పెట్టే దిక్కు కూడా లేదు. ఎవరు పెడతారా అని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే మస్తాన్ బాబాయి పళ్లెంలో చీర పెట్టుకుని వచ్చాడు, వెనక ఖాసింబి పిన్ని. అత్త మరుదులు గొణిగారు. అత్త అందరి ముందూ "మా తమ్ముడు తెచ్చాడు, ఇటివ్వండి" అని తీసుకుంది. నేను అక్కడే ఉన్నాను. ఆ రోజు బాబాయి గోడకానుకుని ఏడ్చినంతగా మామయ్య తరఫువాళ్లు కూడా ఏడవలేదు.

తిరుగు రైలు మూడున్నర తర్వాత కదిలింది. బాబాయి మా పక్కన ఖాళీ ఉన్నా అవతలి కిటికీ దగ్గర ఒంటి సీటులో కూర్చున్నాడు. మిర్యాలగూడ దాటేదాకా అత్త ఓపిక పట్టింది.

"ఏందిరా ఆ మొహం? పళ్లు నొప్పా?"

"ఏం లేదక్కా."

"ఏం లేనోడివి బిర్యానీ ఎందుకు వద్దన్నావు?"

బాబాయి కిటికీలోంచి చూస్తూనే అన్నాడు, "ఆ రోజు అంతమంది గొణిగినా తమ్ముడన్నావు. ఇయ్యాల ఎవరో పిల్ల అడిగితే ఏమీ కాడంటివి. ఒక్క నిమిషం ఆలోచించలా నువ్వు."

నేను తల దించుకున్నాను. ఆ ఉత్తరం రాసిన చెయ్యి నాది మరి. అత్త మాత్రం సీట్లోంచి లేచి, ఊగుతున్న రైల్లో పడుతూ లేస్తూ ఆయన ఎదుటికి పోయి కూర్చుంది.

"ఆలోచించేదేందిరా? కాయితం అడిగినోళ్లకి కాయితం మాట చెప్పా. నాకు మంచు కావాలి. నువ్వు తమ్ముడివో కాదో ఆ పిల్ల చెప్పాల్నా నాకు?" కొంగు పట్టుకుని ఆయన మొహం ముందు ఆడించింది. "ఇదేందో చూడు."

"చీర."

"నువ్వు పెట్టిన చీరేరా సన్నాసీ. ఫోటోకి ఇదే కట్టా, ఇయ్యాల వాళ్ల కెమెరా ముందూ ఇదే కట్టా. మొదటిసారి దేశం దాటతన్నా. పుట్టింటి గుడ్డ లేకుండా పోతానా?"

స్టూడియోలో నేను చేసిన ఎగతాళి గుర్తొచ్చి సిగ్గేసింది. బాబాయి చీరవంక అనుమానంగా చూశాడు.

"నన్ను ఊరుకోబెట్టటానికి అంటన్నావు."

"ఓరి నీ! నీక్కూడా రుజువు కావాల్నా?"

కావాలన్నట్టే ఉంది. ఆయన ఫోను తీసి ఖాసింబి పిన్నికి కలిపాడు. సరిగ్గా అప్పుడే రైలు కృష్ణ వంతెన ఎక్కింది, పొద్దు గుంకుతోంది. చప్పుడుకు వినబడక స్పీకరు పెట్టాడు.

"ఏమే, అక్కకి పెట్టిన చీర ఏ రంగే?"

"ఏ చీర?"

"అదే, బావ పోయినప్పుడు పదోరోజున."

"గంధం రంగు. చిలకపచ్చ అంచు" అంది ఖాసింబి పిన్ని, తడుముకోకుండా. "గురజాలలో మూడు షాపులు నేనే తిరిగా. నువ్వు బండి దిగితేగా రంగు తెలవటానికి! ఇప్పుడెందుకు? అక్కకి బాగానే ఉందా?"

బాబాయి ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో కొంగు అంచు తిప్పి చూశాడు. అత్త ఫోను లాక్కుంది. "నాకు బాగానే ఉంది ఖాసిమూ. నీ మొగుడికే కూసింత తేడాగా ఉంది. రాత్రికి చారు పెట్టు."

నడికుడిలో దిగేటప్పుడు అత్త సంచీ బాబాయి చేతిలో ఉంది. బస్సులో ఆయన టికెట్టు కొంటుంటే కండక్టరు అడిగాడు, "వీళ్లిద్దరూ మీవాళ్లేనా?" "మా అక్క" అన్నాడు బాబాయి, బస్సంతా వినబడేలా. నన్ను లెక్కలోకే తీసుకోలేదు.

ఈ వీసా కాగితాలన్నీ దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి వెళ్లేవాళ్లకు ఒక్క మాట చెబుతాను. ఫారంలో అడిగినచోట కాగితానికి చెల్లే వరసే రాయండి, బాధపడకండి. మాకు మూడు వారాల్లో ముగ్గురికీ వీసాలు వచ్చాయి. స్టూడియో ఆయన చెప్పినట్టే అయింది. అత్త వీసా మీద ఫోటోలో చీర తెల్లగోడలో కలిసిపోయింది, భుజం మీద పచ్చ అంచు ఒక్కటే కనబడుతోంది. వీసా చూస్తామని వచ్చినవాళ్లందరికీ ఆవిడ ఆ అంచు మీదే వేలు పెట్టి చూపిస్తోంది, "ఇది మా తమ్ముడు పెట్టింది" అని.